అచ్చయిన వార్త ఎవరిది? ఒక ట్రైనీ రిపోర్టర్ పోర్ట్‌ఫోలియో కేసు

తెలుగు దినపత్రికలకు విలేకరులను తయారుచేసే ఒక జర్నలిజం స్కూల్లో పాఠాలు చెప్పడం, ఏడాది చివర ట్రైనీలకు మార్కులు వేయడం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒక బ్యాచ్‌లో ఒక్క ట్రైనీ విషయం. పత్రిక, జిల్లా, సంవత్సరం చెప్పడం లేదు. మనిషిని గుర్తుపట్టగలిగే చిన్న వివరాలు మార్చాను. ఏ దశలో ఏమనుకుని ఏ నిర్ణయం తీసుకున్నామో అది మాత్రం మార్చలేదు.

ఆమె ఫైలు మా మార్కుల పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆమెను పంపేయొద్దని పట్టుబట్టిన మనిషి ఆమె పనిచేసిన జిల్లా బ్యూరో ఇన్‌ఛార్జి. కొత్తవాళ్లను ఊరికే మెచ్చుకునే అలవాటు ఆయనకు లేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు పొరబడ్డారని అనుకుంటే పని తేలికైపోయేది. తీరా చూస్తే ఎవరూ పొరబడలేదు. మేం చూస్తున్న వస్తువు వేరు, ఆయన చూస్తున్న వస్తువు వేరు.

నేపథ్యం

కోర్సు ఏడాది. మొదటి సగం తరగతి గదిలో భాష, అనువాదం, వార్తా రచన, చట్టాలు, పేజీలు పెట్టడం. రెండో సగం జిల్లాల్లో, ఒక్కొక్కరు ఒక్కో బ్యూరోలో. తిరిగొచ్చేటప్పుడు ప్రతి ట్రైనీ అచ్చయిన తన వార్తల్లోంచి ఇరవై క్లిప్పింగులు ఏరి ఫైలుగా ఇవ్వాలి. నేరాలు, వ్యవసాయం, పాలన, వైద్యం, ఫీచర్, ఫాలోఅప్, అన్నీ అందులో ఉండాలి. ముగ్గురం విడివిడిగా చూసి మార్కులు వేస్తాం. స్కూలు తరఫున నేను, ఎడిషన్ డెస్క్ (వచ్చిన వార్తలను దిద్ది పేజీలు పెట్టే విభాగం) నుంచి ఒకరు, రిపోర్టింగ్ వైపు నుంచి ఒకరు. ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అన్నది చాలావరకు ఈ మార్కుల మీదే తేలుతుంది.

రాత పరీక్ష చాలదా అని అడుగుతారు. పరీక్షలో ‘కింది వివరాలతో వార్త రాయండి’ అంటాం. ఆ వివరాలు మనమే ఇస్తున్నాం కదా! రిపోర్టర్ పనిలో సగానికి పైగా ఆ వివరాలు తెచ్చుకోవడమే. ఎండలో తిరిగి, ఎవరో ఒకరిని మాట్లాడించి, లేదు పొమ్మన్న కాగితాన్ని సంపాదించి రాసిన వార్తను చూస్తేనే ఆ మనిషి పనికొస్తాడో లేదో తెలుస్తుందన్నది ఫైలు వెనకున్న ఆలోచన. అది సరైన ఆలోచనేనని ఇప్పటికీ అనుకుంటాను.

చిక్కల్లా మన పత్రికల తీరుతో వస్తుంది. జిల్లా పేజీల్లో వార్తలకు మామూలుగా బైలైన్, అంటే రాసినవాళ్ల పేరు, ఉండదు. ఊరి పేరు, పత్రిక వార్తావిభాగం పేరు, అంతే. ‘ఇది నేను రాసిందే’ అని ట్రైనీ చెబితే నమ్మాలి. ఇక చోటు సంగతి. 1989లో ‘ఈనాడు’ జిల్లాకో అనుబంధం మొదలుపెట్టాక తెలుగు పత్రికలన్నీ ఆ బాట పట్టాయి. 2008లో ‘సాక్షి’ ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది. కోవిడ్ సమయంలో పేజీలు తగ్గినా, స్థానిక వార్తలకు ఉన్న చోటు ఇప్పటికీ తక్కువేం కాదు. ఆ పేజీ రోజూ నిండాలి. నిండాలి కాబట్టి ప్రెస్‌నోట్ అయినా, సన్మానమైనా, వినతిపత్రమైనా వేస్తారు. అందుకని మన దగ్గర ‘అచ్చయింది’ అంటే ‘ఎవరో జల్లెడ పట్టి ఎంచారు’ అని అర్థం కాదు. దీనికి తోడు మండలాల్లో విలేకరులందరికీ కలిపి వాట్సాప్ గ్రూపులు ఉంటాయి. ఒకరు రాసి పెడితే నలుగురు పంపుతారు. పొద్దున్నే నాలుగు పత్రికల్లో ఒకే వాక్యం కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద సంగతి డెస్క్. మన ఎడిషన్ డెస్కుల్లో సబ్‌ఎడిటర్లు కాపీని దిద్దరు, చాలాసార్లు తిరగరాస్తారు. ఇంట్రో (వార్త మొదటి పేరా) మారుతుంది, హెడ్డింగ్ ఎలాగూ వాళ్లదే, మూడు మండలాల నుంచి వచ్చిన మూడు కాపీలు కలిసి ఒక వార్త అవుతాయి. అలా చేయకపోతే పేజీ బయటికి రాదు. దీన్ని తప్పుపట్టడం లేదు. కానీ అలా తయారైన ముక్కను కత్తిరించి, దాన్ని చూసి రిపోర్టర్‌కి మార్కులు వేయడం అంటే ఏం చేస్తున్నట్టు?

ఫైలు మా ముందుకొచ్చినప్పుడు

ఈ ట్రైనీ ఫైల్లో ఇరవై ఉండాల్సిన చోట పదిహేడే ఉన్నాయి. సగానికి పైగా సింగిల్ కాలమ్‌లు. మెయిన్ ఎడిషన్‌కి ఒక్కటీ ఎక్కలేదు. ఒక ఫీచర్ మాత్రం ముచ్చటగా ఉంది, ముగ్గురమూ దానికే ఎక్కువ మార్కులు వేశాం. ధాన్యం కొనుగోళ్ల మీద రాసిన ఒక వార్తకు మర్నాడు ఖండన వచ్చింది. మా నిబంధన ప్రకారం ఖండన వస్తే మార్కులు తీసేయాలి. తీసేశాం.

అదే బ్యాచ్‌లో మొదటి స్థానంలో ఉన్న ఫైలు దీనికి పూర్తిగా ఎదురు. రంగుల బాక్సులు, పేజీ అడుగున వచ్చే యాంకర్ వార్తలు, మంత్రి పర్యటనలో మెయిన్ పేజీ వార్త. పట్టుకుంటేనే బరువుగా ఉంది.

జాబితా తయారయ్యాక పద్ధతి ప్రకారం బ్యూరో ఇన్‌ఛార్జికి ఫోన్ చేశాను. ఆయన అన్న మాట ఇది: “ఫైలు సంగతి నాకు తెలీదండీ. ఆ అమ్మాయి ఒక విషయం చెబితే నేను మళ్లీ ఎవరికీ ఫోన్ చేసి కనుక్కోవాల్సిన అవసరం రాలేదు. నా దగ్గరున్న మిగతా ఇద్దరి సంగతి అలా కాదు.”

ఇక్కడ మేం తీసుకున్న మొదటి నిర్ణయం, జాబితాను ఆపడం. ఆయనకు ఆమె మీద అభిమానం ఉండొచ్చు, బ్యూరోలో మనుషులు తక్కువై ఎవరో ఒకరు ఉంటే చాలనుకోనూ వచ్చు. ఆ అనుమానం మా డెస్క్ సభ్యుడు పైకే అన్నారు. అయినా ఆపాలని నేను వాదించడానికి కారణం ఆయన చెప్పిన గుణమే. ‘మళ్లీ కనుక్కోనక్కర్లేదు’ అన్నది ఒక రిపోర్టర్‌కి దక్కగల అతి పెద్ద సర్టిఫికెట్. మా మార్కుల పట్టికలో ఆ గుణాన్ని కొలిచే గడి ఎక్కడుందని వెతికితే లేదు. భాష, నిర్మాణం, వైవిధ్యం, ప్రాధాన్యం, ప్రభావం ఉన్నాయి. చెప్పింది నిజమా కాదా అన్నదానికి గడి లేదు. అచ్చయింది కాబట్టి నిజమే అయ్యుంటుందని లోలోపల అనుకుంటున్నామన్నమాట.

పని చేయని ప్రయత్నాలు

ముందు తేలికైన దారి చూశాం. ఆమెను వేసింది మారుమూల డివిజన్. మంత్రులు రారు, పెద్ద ప్రమాదాలు జరగవు, మెయిన్ పేజీకి ఎక్కే అవకాశమే తక్కువ. కాబట్టి పోస్టింగ్‌ను బట్టి కొన్ని మార్కులు కలుపుదామని రిపోర్టింగ్ సభ్యుడు అన్నారు. న్యాయంగానే కనిపించింది. లెక్క మొదలుపెట్టగానే చెడింది. ఏ డివిజన్‌కి ఎంత కలపాలి? జిల్లా కేంద్రంలో ఉన్న ట్రైనీకి అవకాశాలు ఎక్కువే, కానీ అక్కడ సీనియర్లూ ఎక్కువే, మంచి వార్తలు వాళ్లకే పోతాయి. చివరికి ఎవరికి ఎంత కలపాలనుకున్నామో అంత కలుపుకునేలా తయారైంది. వదిలేశాం.

తర్వాత ప్రతి ట్రైనీని ఐదు క్లిప్పింగులు ఎంచుకుని, ఒక్కోదాని వెనక పడిన శ్రమ గురించి పేజీ చొప్పున రాసివ్వమన్నాం. ఇది చాలాచోట్ల చేసే పనే. మాకు వచ్చినవి దాదాపు అన్నీ ‘సమాజానికి నా వంతుగా’ అని మొదలై ‘ఎంతో సంతృప్తినిచ్చింది’ దగ్గర ముగిశాయి. మొదటి స్థానంలో ఉన్న ట్రైనీ మరీ బాగా రాశాడు. ఈ అమ్మాయి ఒక్కోదానికి రెండు మూడు లైన్లు రాసింది. ‘రైతు ఫోన్ చేశాడు. వెళ్లాను. చూసింది రాశాను.’ భాష బాగా వచ్చినవాళ్లకు ఇంకోసారి మార్కులు వేసే ఏర్పాటు చేశాం తప్ప కొత్తగా తెలిసిందేమీ లేదు.

దాంతో క్లిప్పింగుతో పాటు డెస్క్‌కి పంపిన ఒరిజినల్ కాపీ కూడా ఇవ్వమన్నాం. ఇదే చివరికి దారి చూపింది, కానీ మొదటి విడతలో కాదు. వచ్చిన ‘ఒరిజినల్’ కాపీలు మరీ శుభ్రంగా ఉన్నాయి. ఒకరి కాపీలో అయితే డెస్క్ పెట్టిన హెడ్డింగే పైన దర్జాగా కూర్చుంది! అచ్చయిన వార్తను చూసి వెనక్కి టైప్ చేశారన్నమాట. వాళ్లను తప్పుబట్టి లాభం లేదు. మార్కుల కోసం అడిగితే మార్కులొచ్చేలాగే ఇస్తారు.

అందుకని ట్రైనీలను అడగడం మానేసి ఎడిషన్ సెంటర్ సిస్టంలోంచి మేమే తీయించాం. అక్కడ ఇంకో ముడి. ఆమె లాంటివాళ్లు ఊళ్లోంచి ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో రాసి, బ్యూరోకి వాట్సాప్‌లో పంపుతారు. బ్యూరోలో ఎవరో దాన్ని సవరించి సిస్టంలో వేస్తారు. సిస్టంలో ఉన్నది కూడా అప్పటికే ఒక చేయి పడిన కాపీ. చివరికి బ్యూరో ఫోన్‌లోని వాట్సాప్ సందేశాలే ఎక్స్‌పోర్ట్ చేయించుకున్నాం. అక్షరదోషాలతో, మధ్యలో ‘సార్ ఒక్క నిమిషం, ఇంకో అంకె పంపుతా’లతో సహా. ఇంతవరకూ మేం చూసిన కాగితాలన్నిట్లోకీ నిజాయితీగా ఉన్నవి ఇవే.

మూడు వార్తలు

పదిహేడూ చూశాం. ఇక్కడ మూడింటి గురించి చెబితే చాలు.

మొదటిది మేం మెచ్చుకున్న ఫీచర్. భర్త పోయాక ట్రాక్టర్ నేర్చుకుని సాగు చేస్తున్న ఒకావిడ కథ. అచ్చులో ఇంట్రో చదివితే కళ్లు చెమర్చాయి. ఒరిజినల్ చూస్తే తొమ్మిది లైన్లు. పేరు, ఊరు, ఎకరాలు, పంట, అప్పు, పిల్లల చదువు. మిగిలిందంతా డెస్క్‌లో ఒక సబ్‌ఎడిటర్ ఫోన్ చేసి ఆవిడతో అరగంట మాట్లాడి రాసింది. ఆయన రాత బాగుంది. మేం వేసిన మంచి మార్కులు ఆయనకు చెందాలి. ఆమె ఫైల్లో అందరికంటే మేం ఇష్టపడిన వార్తలో ఆమె వాటా అందరికంటే తక్కువ.

రెండోది ఖండన వచ్చిన ధాన్యం వార్త. దీని దగ్గర కాస్త ఆగాలి. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం దాటితే కొనరు, లేదా ఆరబెట్టమంటారు, లేదా నలభై కిలోల బస్తాకు తరుగు పేరుతో ఇంకో రెండు మూడు కిలోలు ఎక్కువ తూకం అడుగుతారు. ప్రతి సీజన్‌లో వచ్చే వార్తే. అచ్చయిన దానికి ‘తేమ పేరుతో దోపిడీ’ అని హెడ్డింగ్. కింద నాలుగు మండలాల గోడు కలిపి, ‘రైతులు ఆవేదన వ్యక్తం చేస్తున్నారు’ అన్న అరిగిపోయిన మాటలు. ఒక కేంద్రం పేరు చెప్పి అక్కడ మీటర్లు తప్పు చూపిస్తున్నాయని ఒక వాక్యం. ఆ వాక్యానికే కేంద్రం నిర్వాహకులు ఖండన పంపారు.

వాట్సాప్‌లో ఆమె పంపింది వేరే. ఒక రైతు కుప్పలోంచి తీసిన ధాన్యానికి ఆ కేంద్రంలో మీటర్ 19 చూపించింది. అదే ధాన్యాన్ని కవర్లో కట్టి పక్కూరి కేంద్రానికి తీసుకెళ్తే 16 చూపించింది. రెండు మీటర్ల ఫొటోలూ టైంతో సహా ఉన్నాయి. మొదటి కేంద్రంలో ట్రక్‌షీట్లు (మిల్లుకు పంపే లోడుకు రాసే కాగితాలు) ఎన్ని రాశారో, గన్నీ సంచులు ఎప్పుడు అయిపోయాయో కూడా రాసింది. ‘దోపిడీ’ అన్న మాట ఎక్కడా లేదు. వాక్యాలు మాత్రం గజిబిజి. అసలు విషయం ఐదో పేరాలో ఉంది. రాత్రి పది గంటలకు పేజీ పంపాల్సిన సబ్‌ఎడిటర్ ఐదో పేరా దాకా వచ్చే ఓపిక లేక, నాలుగు కాపీలూ కలిపేశాడు. అంకెలు పోయాయి, ఆరోపణ మిగిలింది.

మూడోది ఫైల్లో ఎవరి కంటా పడని చిన్న నేర వార్త. ఒక బాలికపై లైంగిక దాడి కేసు, పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద నమోదైంది. అచ్చులో నాలుగు వాక్యాలు, ఎక్కడా తప్పులేదు. ఒరిజినల్‌లో బాలిక చదువుతున్న బడి పేరు, తరగతి, తండ్రి చేసే పని ఉన్నాయి. పేరు ఒక్కటే రాయలేదు. పోక్సో చట్టం 2012 సెక్షన్ 23 ప్రకారం పేరే కాదు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, బిడ్డను గుర్తుపట్టడానికి దారితీసే ఏ వివరమూ మీడియాలో రాకూడదు. రాస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ యజమానికీ బాధ్యత ఉంటుంది. డెస్క్ ఆ వివరాలన్నీ తీసేసింది కాబట్టి క్లిప్పింగు కడిగిన ముత్యంలా ఉంది.

డెస్క్ దాచినవాటిలో ఆమె బలమూ ఉంది, ఆమె లోపమూ ఉంది. బలం ఒక్కటే బయటపడి ఉంటే ఈ కేసు రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

వైవా

ఒరిజినల్ కాపీలు చూశాక ఆమెను పిలిచి మాట్లాడాలనుకున్నాం. నోట్‌బుక్, ఫోన్ తెచ్చుకోమన్నాం. అయితే ముందే ఒక మాట చెప్పాం: ఎవరి పేరైనా చెప్పనని మాటిచ్చి ఉంటే మాకూ చెప్పొద్దు, ఆ పేజీ మూసేయొచ్చు. పరీక్ష పేరుతో సోర్సుల పేర్లు రాబట్టడం మొదలైతే రేపు ఏ ట్రైనీకీ ఎవరూ నోరు విప్పరు. నోట్‌బుక్ జిరాక్స్ తీయలేదు, ఫైల్లో పెట్టలేదు. చూసి ఇచ్చేశాం.

ధాన్యం వార్త దగ్గర మా రిపోర్టింగ్ సభ్యుడు పట్టుకున్నారు.

“ఈ పంతొమ్మిది ఎక్కడిదమ్మా?”

“సెంటర్‌లో మీటర్ చూపించింది సార్. ఫొటో ఉంది.”

“పదహారు?”

“పక్కూరి సెంటర్‌లో. రైతు బండి మీద వెళ్లాం. దారిలో ఎండకు ఆరుతుందేమోనని కవర్ మూతికి ముడి వేశా.”

“మరి రెండింట్లో ఏ మీటర్ తప్పో నీకెలా తెలుసు?”

“తెలీదు సార్. అందుకే రెండూ రాశా.”

ఆయన కలం కింద పెట్టేశారు. బ్యూరో ఇన్‌ఛార్జి ఫోన్‌లో చెప్పింది ఇదేనని ముగ్గురికీ అర్థమైంది. తనకు తెలిసింది ఎక్కడితో ఆగిందో అక్కడే ఆగడం ఆమెకు వచ్చు. ఖండన వచ్చిందని ఆమె మార్కులు తీసేశాం గానీ, ఆ ఖండనకు కారణమైన వాక్యం ఆమె రాయనే లేదు.

పోక్సో కాపీ గురించి అడిగినప్పుడు ఆమె జవాబు అంతే సూటిగా ఉంది. “పేరు రాయకూడదని తెలుసు సార్. బడి పేరు కూడా రాయకూడదని తెలీదు.” తరగతిలో చట్టాలకు ఇచ్చిన గంటల్లో ఈ సెక్షన్ చెప్పాం. చెప్పడం వేరు, కాపీ రాస్తున్న చేతికి అది గుర్తురావడం వేరు.

ఇంకొకటి అడిగాం: అచ్చుకాని వార్తలేమైనా ఉన్నాయా? అప్పటిదాకా ఫైల్లో వాటికి చోటే లేదు. ఆమె దగ్గర ఉన్నాయి. ఒక పంచాయతీలో వీధి దీపాల బిల్లుల మీద సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టింది. ముప్పై రోజుల గడువు దాటినా జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేసింది. అప్పటికి శిక్షణ అయిపోవచ్చింది, వార్త రాలేదు. ఇంకో చోట రేషన్ బియ్యం తరలింపు గురించి ఒకరు చెప్పారు. రెండో మనిషి దొరకలేదు, కాగితమూ దొరకలేదు. రాయకుండా వదిలేసింది. క్లిప్పింగుల లెక్కలో ఈ రెండూ సున్నాలు. మా వాళ్లలో ఒకరు అన్నట్టు, రాయకుండా వదిలేసిన ఆ బియ్యం వార్తే ఈ ఫైల్లో ఉత్తమ వార్త. ఆ మాట కొంచెం ఎక్కువే అయినా, అందులో పస లేకపోలేదు.

నిర్ణయం దగ్గర

ఇక్కడ ముగ్గురికీ కుదరలేదు. రిపోర్టింగ్ సభ్యుడు ఖాయం చేసేద్దామన్నారు. చట్టం తప్పు డెస్క్ పట్టుకుంది, పట్టుకోవడానికే డెస్క్ ఉంది, వ్యవస్థ పనిచేసిందిగా అన్నది ఆయన వాదన. డెస్క్ సభ్యుడు ససేమిరా ఒప్పుకోలేదు. ఇప్పుడు కాపీ ముందు వెబ్‌కి పోతుంది, నిమిషాల్లో పెడతారు, రాత్రి షిఫ్టులో ఒక్కరే ఉంటారు, అన్నిసార్లూ పట్టుకోలేం అన్నారు. పైగా ఊళ్లో విలేకరి ఏం రాసినా ముందు లోకల్ గ్రూపులో పడుతుంది, అక్కడ డెస్క్ ఎక్కడుంది?

నేను రెండోవైపే మొగ్గాను. ఎందుకంటే మిగతా లోపాలకు దిద్దుబాటు ఉంటుంది. ఇంట్రో బాగాలేకపోతే మర్నాడు బాగా రాయొచ్చు, అంకె తప్పితే సవరణ వేయొచ్చు. ఒక బిడ్డ ఎవరో ఊరందరికీ తెలిశాక సవరణ వేసి లాభం లేదు. ఆ బడి పేరు, ఆ తరగతి ఒకసారి బయటికొస్తే అయిపోయినట్టే.

కానీ పంపేయడానికీ మనసొప్పలేదు. ఆమెకు లేనిది తెలివిడి. అది నేర్పగలం, మేం సరిగ్గా నేర్పాల్సిందీ అదే. ఆమెకు ఉన్నది, అంటే తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకపోవడం, అది ఏడాది కోర్సులో ఎవరికైనా నేర్పగలిగానని నేను గట్టిగా చెప్పలేను. మొదటి స్థానంలో ఉన్న ఫైలు ఒరిజినల్స్ తీస్తే ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపించింది. చాలా కాపీలు గ్రూపుల్లో పడినవే, అదే రోజు మిగతా పత్రికల్లోనూ అవే వాక్యాలు. ఆ ట్రైనీకి మంచి భాష ఉంది. అతన్ని రిపోర్టింగ్‌కి కాకుండా డెస్క్‌కి తీసుకున్నారు, అక్కడ బాగానే చేస్తున్నాడని విన్నాను.

ఆమెకు శిక్షణ కాలం మూడు నెలలు పొడిగించాం. అందులో కొంతకాలం డెస్క్‌లో కూర్చోబెట్టాలని డెస్క్ సభ్యుడే అడిగారు. రిపోర్టర్ కావాల్సిన మనిషికి డెస్క్ శిక్ష అనిపిస్తుందేమోనని నేను వెనకాడాను. ఆయన వాదన వేరు: చట్టం పుస్తకంలో చదివితే రాదు, పదిమంది పంపిన నేర వార్తల్లోంచి బడి పేర్లు, ఇంటి పేర్లు తనే కొట్టేస్తూ కూర్చుంటే వస్తుంది. ఆయన చెప్పిందే సరైంది. పక్షం గడిచేసరికి ఆమె కొట్టేయడమే కాదు, పంపిన కంట్రిబ్యూటర్లకు (మండలాల్లోని విలేకరులకు) ఫోన్ చేసి ఎందుకు కొట్టేసిందో చెప్పడం మొదలుపెట్టింది. ఐదో పేరాలో ఉన్న అంకె ఎలా పోతుందో కూడా అక్కడే చూసింది. నాలుగు కాపీలు కలపాల్సిన రాత్రి తనే అలాంటి ఒక కాపీని కోసేసిందట. తర్వాత మళ్లీ ఊళ్లోకి పంపాం. ఆ దఫా వాట్సాప్ కాపీల్లో ముఖ్యమైన అంకె మొదటి రెండు వాక్యాల్లోకి వచ్చేసింది. భాష ఇప్పటికీ పొడిపొడిగానే ఉంటుంది. దాని గురించి మేం బెంగ పెట్టుకోలేదు.

చివర రెండో ఫైలు అడిగాం, ఎనిమిదే ఎనిమిది వార్తలతో. ఉద్యోగం ఖాయమైంది.

ఫైలు ఇప్పుడెలా ఉంది

ఆ బ్యాచ్ తర్వాత ఇరవై క్లిప్పింగుల లెక్క పోయింది. ఎనిమిది చాలు, కానీ ఒక్కోదానికి మూడు కాగితాలు: అచ్చయింది, బ్యూరోకి చేరిన మొదటి కాపీ (మేమే తీయించుకుంటాం), ట్రైనీ నింపే ఒక పత్రం. ఆ పత్రంలో వ్యాసం రాయడానికి చోటుండదు. ఎక్కడికి వెళ్లావు, ఎవరితో మాట్లాడావు, ఏ కాగితం నీ కళ్లతో చూశావు, అవతలి వాళ్ల వెర్షన్ ఎవరు తీసుకున్నారు, నువ్వా డెస్కా, చివరికి ఏది తేలలేదు. ఈ ఆఖరి ప్రశ్నకు ‘ఏమీ లేదు’ అని రాసినవాళ్లనే వైవాలో ఎక్కువసేపు కూర్చోబెడతాం. వార్త అన్నాక తేలనిది ఒక్కటీ లేకుండా ఉండడం అరుదు.

అచ్చుకాని వార్తలు రెండు పెట్టొచ్చు, ఎందుకు రాలేదో చెప్పాలి. ఖండన వస్తే మార్కులు ఆటోమేటిక్‌గా పోవు. ఖండించిన వాక్యం ఎవరిదో ముందు చూస్తాం. చట్టాన్ని మాత్రం ఫైలు నుంచి పూర్తిగా వేరుచేశాం. అచ్చయిన వార్తలను చూసి ఒకరికి చట్టం తెలుసో లేదో చెప్పలేం, డెస్క్ దిద్దేసి ఉంటుంది. బ్రిటన్‌లో విలేకరుల శిక్షణ ప్రమాణాలు చూసే ఎన్‌సీటీజే కూడా ట్రైనీల పోర్ట్‌ఫోలియో తీసుకుంటుంది గానీ, మీడియా చట్టానికి విడిగా పరీక్ష పెడుతుంది. మేమూ అలాగే పెట్టాం. పోక్సో, లైంగిక దాడి బాధితుల గోప్యత, కోర్టు ధిక్కారం, పరువునష్టం. తప్పులు దొర్లిన కాపీలు ఇచ్చి కొట్టేయమంటాం, ఎందుకు కొట్టేశారో పక్కన రాయమంటాం. ఇందులో తప్పితే ఫైలు ఎంత బాగున్నా శిక్షణ పొడిగింపే.

దీనికి ఖర్చు ఉంది. వాట్సాప్ కాపీలు తీయించడానికి ప్రతి బ్యూరోలో ఎవరో ఒకరు కూర్చోవాలి. ఇరవై క్లిప్పింగులు తిరగేయడానికి పట్టే సమయం కంటే ఎనిమిది వార్తలు ఇలా చూడటానికి ఎక్కువ పడుతుంది. బ్యాచ్ పెద్దదైతే ముగ్గురం చాలం. ఒక చిన్న పత్రికలో పనిచేసే మిత్రుడు ఇది మాకు కుదిరేది కాదన్నాడు. అతనికి నేనిచ్చిన సలహా, ఎనిమిది కాకపోతే మూడు చూడు. కానీ ఆ మూడూ ట్రైనీ ఎంచినవి కాకుండా నువ్వు తీసుకున్న తేదీలవి అయ్యుండాలి. ఫలానా సోమవారం నువ్వు పంపింది ఏది, మంగళవారం అచ్చయింది ఏది అని అడిగితే చాలు.

డెస్కుల నుంచి అభ్యంతరం కూడా వచ్చింది, అది ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఒరిజినల్ పక్కన అచ్చయింది పెడితే రిపోర్టర్ ఒక్కడే కాదు, సబ్‌ఎడిటర్ కూడా పరీక్షకు నిలబడుతున్నాడు. ‘దోపిడీ’ హెడ్డింగ్ పెట్టిందెవరో తెలిసిపోతుంది. దానికి మేం ఒప్పుకున్న షరతు, ఆ కాగితాలు మార్కులకు తప్ప ఇంకెందుకూ వాడకూడదని, సబ్‌ఎడిటర్ పేరు కొట్టేసి ఇవ్వాలని. అయితే డెస్క్ వైపు శిక్షణ పొందుతున్న ట్రైనీలు మాత్రం ఎదురొచ్చి అడిగారు, మాకూ ఇలాగే పెట్టండి అని. వాళ్ల పని అంతా ఆ రెండు కాగితాల మధ్య తేడాలోనే ఉంటుంది కదా. వచ్చే బ్యాచ్ నుంచి వాళ్ల ఫైలూ అలాగే తీసుకుంటున్నాం. తీసేసిన ప్రతి అంకెకీ ఎందుకు తీసేశారో ఒక లైను రాయాలి.